కంపు ఎక్కడికి పోతుంది?

చిరంజీవులు బుజ్జికి, చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. వారం రోజులుగా ముసురు పట్టి మీ ఫ్లాట్‌లో బట్టలు ఆరడం లేదని, సబ్బు పెట్టి ఉతికిన యూనిఫాం కూడా ముక్కిపోయిన వాసన వేస్తోందని బుజ్జి రాసింది. దాని కింద చిన్నోడు వంకర అక్షరాలతో అడిగిన ప్రశ్న ఇంకా బాగుంది: "అమ్మ రూమ్ ఫ్రెషనర్ కొడితే కంపు ఎక్కడికి పోతుంది తాతయ్యా?"

ఎక్కడికీ పోదురా. అక్కడే ఉంటుంది.

మన ఇళ్ళల్లో మనకు చెప్పకుండా అద్దెకు దిగినవాళ్ళు ఉంటారు. కంటికి కనపడరు, అద్దె కట్టరు. మీ సైన్సు పుస్తకం వాళ్ళను బాక్టీరియా, శిలీంధ్రాలు అంటుంది. వాళ్ళకీ తిండి కావాలి, నీళ్ళు కావాలి. మన చెమట, సింకులో చిక్కుకున్న మెతుకు, గట్టు మీది నూనె జిడ్డు, ఆఖరికి సరిగ్గా జాడించని బట్టలో మిగిలిన సబ్బు మడ్డి, అన్నీ వాళ్ళకు భోజనమే. వాళ్ళ వంటింటి పొగ మన ముక్కుకు తగలడమే కంపు. రూమ్ ఫ్రెషనర్ కొట్టడమంటే వాళ్ళ గుమ్మానికి పూల తెర కట్టడం. తెర వెనక పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. ఖాళీ చేయించాలంటే ముందు నీళ్ళు కట్టెయ్యాలి, తరవాత తిండి ఆపెయ్యాలి. మంచి వాసన సంగతి ఆ తరవాతే.

ముందు యూనిఫాం. ఉతికిన బట్టల కంపుకు ముఖ్యమైన అద్దెదారుణ్ణి 2012లో జపాను పరిశోధకులు పట్టుకున్నారు. మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అని నోరు తిరగని పేరు. మొండివాడు. బట్ట ఎండినా చావడు, ముడుచుకుని కూచుంటాడు. మళ్ళీ చెమట తగలగానే లేచి పొయ్యి రాజేస్తాడు. పొద్దున బీరువాలోంచి తీసినప్పుడు లేని వాసన మూడో పీరియడ్‌కల్లా వచ్చేది అందుకే.

అతన్ని ఖాళీ చేయించడానికి వేడి కావాలి. నూలు తువ్వాళ్ళు, బనియన్లు అయితే 60 డిగ్రీల నీళ్ళలో అరగంట నానాలి. మరిగిన నీళ్ళు, కుళాయి నీళ్ళు సమంగా కలిపితే దాదాపు ఆ వేడి వస్తుంది. చెయ్యి పెట్టలేనంత వేడి కాబట్టి ఆ పని అమ్మదో నాన్నదో, మీది కాదు. పాలిస్టర్ కలిసిన యూనిఫాంకు అంత వేడి పనికిరాదు. దానికి అర బకెట్ నీళ్ళలో, అంటే ఎనిమిది లీటర్లలో, ఒక కప్పు తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టి, జాడించి, ఆ తరవాత సబ్బుతో ఉతకాలి. రెండూ ఒకేసారి వేస్తే పులుపూ సబ్బూ ఒకదాన్నొకటి నీరుగార్చుకుంటాయి. ఇది ప్రతి ఉతుక్కీ అక్కరలేదు, కంపు పట్టుకున్నప్పుడు చాలు.

అసలు కిటుకు ఆరేయడంలో ఉంది. బట్ట ఎంతసేపు తడిగా ఉంటే వాళ్ళకు అంతసేపు పండగ. మెషిన్ ఆగగానే తీసెయ్యాలి, రాత్రి వేసి పొద్దున తీస్తే ఉతికిన ఫలం దక్కదు. దండెం మీద బట్టకూ బట్టకూ నాలుగు వేళ్ళ సందు ఉండాలి. జేబులు బయటికి తీసి, లాగు తిరగేసి నడుం పట్టీ దగ్గర క్లిప్పు పెట్టండి. ఇంట్లో ఆరేస్తే ఫ్యాన్ గాలి బట్టల మధ్యగా పోయేలా చూసి, ఒక కిటికీ తీసి ఉంచండి. లేకపోతే ఆ తడి అంతా గోడలెక్కుతుంది. మడత పెట్టే ముందు నడుం పట్టీని చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. చేతికి తెలియని తడి చెంపకు తెలుస్తుంది.

ఇంకో మాట అమ్మకు చెప్పండి, తాతయ్య చెప్పాడని. కంపు వస్తోందని సబ్బుపొడి ఎక్కువ వేస్తే కంపు పెరుగుతుంది. పూర్తిగా జాడించుకుపోని పొడి పోగుల్లో మిగిలి, మళ్ళీ వాళ్ళ భోజనమే అవుతుంది. ముందు తలుపున్న మెషిన్ అయితే ఆ తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడత వేలితో తీసి చూడండి. నల్లటి పాచి కనిపిస్తే మీ యూనిఫాం దొంగ అక్కడే దొరికాడు. తడిగుడ్డతో తుడిచి, మెషిన్ వాడనప్పుడు తలుపు ఓరగా తీసి ఉంచాలి.

ఇప్పుడు వంటిల్లు. ఇంట్లో అందరికంటే ముందు అనుమానించాల్సింది చెత్తబుట్టను కాదు, మసిగుడ్డను. గట్టు తుడిచి, చేతులు తుడిచి, తడి తడిగానే కుళాయికి వేలాడేస్తారు. తిండీ నీళ్ళూ రెండూ ఒకేచోట, అద్దెదారులకు సత్రం అది. రెండు రోజులకోసారి పాత గిన్నెలో లీటరు నీళ్ళు పోసి, ఒక చెంచా చాకలి సోడా వేసి, పది నిమిషాలు మరిగించి, విదిల్చి ఆరేయాలి. గిన్నె అల్యూమినియంది కాకూడదు, సోడాకు నల్లబడుతుంది. ఇల్లు తుడిచే మాప్ కూడా అంతే. బకెట్‌లో తలకిందులుగా నానుతూ ఉండే మాప్‌తో తుడిస్తే ఇల్లంతా ఆ కంపును సమంగా పంచినట్టు.

వాసనల్లో రెండు జాతులు తెలుసుకుంటే సగం పని అయిపోతుంది. విరిగిన పాలు, పులిసిన పిండి, చెమట పట్టిన బూట్లు, ఇవి పుల్లటి జాతి. వీటికి వంట సోడా విరుగుడు. చేపల నీచు వాసన దానికి ఎదురు జాతి. దానికి పులుపు విరుగుడు. చేప కోసిన చేతులకు, పళ్ళేలకు నిమ్మచెక్కో చింతపండో రుద్దితే ఆ నీచు పదార్థం పులుపుతో కలిసి గాల్లోకి లేవని ఉప్పుగా మారి, నీళ్ళతో కొట్టుకుపోతుంది. నెల్లూరు చేపల పులుసులో అంత చింతపండు పడేది రుచి కోసమే అనుకున్నారా? నీచు కట్టెయ్యడానికి కూడా.

అయితే వంట సోడానూ వెనిగర్‌నూ కలిపి పొంగిస్తే సింకు శుభ్రమవుతుందని ఫోన్లలో చూపిస్తుంటారు. చూడ్డానికి బాగుంటుంది. ఆ పొంగు అణిగాక మిగిలేది రెండు శక్తులూ పోయిన ఉప్పునీళ్ళు. విడివిడిగా వాడితే పనికొచ్చేవాటిని కలిపి చంపుకోవడం ఎందుకు? సింకు జాలీ తీసి, సోడా చల్లి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది, గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్ళు రెండు చెంబులు పొయ్యండి. సలసల మరిగే నీళ్ళు వద్దు, కింద పీవీసీ గొట్టం మెత్తబడి కీళ్ళ దగ్గర కారుతుంది.

ఫ్రిజ్‌కు ఒక వెడల్పాటి గిన్నెలో వంద గ్రాముల వంట సోడా పోసి మూత లేకుండా పెట్టండి, రెండు నెలలకోసారి మార్చండి. ప్యాకెట్ మూల కత్తిరించి పెడితే లాభం లేదు, గాలికి తగిలేంత మేరే అది పని చేస్తుంది. కానీ సోడా పెట్టే ముందు ఫ్రిజ్ వెనక కింద ఉండే నీళ్ళ ట్రే ఒకసారి తీయించండి. చాలా ఇళ్ళలో కొన్న రోజు నుంచీ దాన్ని ఎవరూ చూసి ఉండరు.

బాత్రూంలో డ్రైనేజీ కంపు వస్తే ఫినాయిల్ దాకా పోవద్దు. ముందు ఒక మగ్గు నీళ్ళు జాలీలో పొయ్యండి. ఆ జాలీ కింద వంపులో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి ఉండాలి. మేస్త్రీలు దాన్ని నహానీ ట్రాప్ అంటారు. మురుగు కాలవకూ మన గదికీ మధ్య ఉన్న తలుపు ఆ నీళ్ళే. సెలవులకు ఊరెళ్ళి పది పదిహేను రోజులకు తిరిగొస్తే ఆ నీళ్ళు ఆవిరై తలుపు తెరుచుకుంటుంది. మగ్గు నీళ్ళతో మళ్ళీ మూసుకుంటుంది. పైసా ఖర్చు లేని ఇంత గొప్ప ఏర్పాటు ఎవరికి తట్టిందో!

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. బ్లీచింగ్ పౌడర్‌తో బాత్రూం యాసిడ్ గానీ, వెనిగర్ గానీ, నిమ్మరసం గానీ ఎవరూ కలపకూడదు. క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను కాలుస్తుంది.

నేల తుడవడానికి కుంకుడుకాయల కంటే మర్యాదస్తులు లేరు. పది కాయలు కొట్టి, గింజలు తీసేసి, లీటరు నీళ్ళలో రాత్రి నానబెట్టి, పొద్దున పావుగంట మరిగించి వడకట్టాలి. అర బకెట్ నీళ్ళకు ఒక గ్లాసు చాలు. ఎక్కువ పోస్తే నేల జారుతుంది. బయట పెడితే మూడు రోజులకు పులిసి అదే కంపు కొడుతుంది కనక కొద్దికొద్దిగా చేసుకోవాలి. కమలా తొక్కలు, నిమ్మ తొక్కలు సీసాలో కుక్కి మునిగేదాకా తెల్ల వెనిగర్ పోసి రెండు వారాలుంచితే మంచి వాసన ద్రవం వస్తుంది. సమానంగా నీళ్ళు కలిపి టైల్సు, కుళాయిలు తుడుచుకోవచ్చు. బెల్లం వంద గ్రాములు, తొక్కలు మూడొందల గ్రాములు, నీళ్ళు లీటరు కలిపి మూడు నెలలు పులియబెట్టే పద్ధతి కూడా ఉంది. అది ప్లాస్టిక్ సీసాలోనే చెయ్యాలి, మొదటి నెలంతా రోజూ మూత తిప్పి గాలి వదలాలి. గాజు సీసా అయితే పేలుతుంది. ఓపిక ఉన్నవాళ్ళ పని.

ఈ పులుపు నీళ్ళు బండల మీద మాత్రం పొయ్యకండి. తాండూరు బండ, కడప బండ, బేతంచెర్ల బండ, అన్నీ సున్నపురాయి జాతి. పాలరాయీ దాని చుట్టమే. పులుపు తగిలితే సున్నం కరిగి మెరుపు పోతుంది, ఆ తెల్లమచ్చ మళ్ళీ పాలిష్ పట్టిస్తే తప్ప పోదు. నమ్మకపోతే విరిగిన బండ ముక్క మీద నిమ్మచుక్క వేసి చెవి దగ్గర పెట్టుకోండి. సన్నగా చిరచిరలాడుతుంది. తుడిచే నీళ్ళలో గుప్పెడు కళ్ళుప్పు వెయ్యమని కూడా చెబుతుంటారు. వానాకాలంలో ఉప్పు జాడీ ఎలా నీరు కారుతుందో చూశారు కదా, నేల మీద కూడా అలాగే చెమ్మను పిలుచుకొస్తుంది. ఇప్పుడొద్దు.

మా చిన్నప్పటి ఇళ్ళకు ఈ బాధ తక్కువ. పెద్ద తెలివేం కాదు. పండక్కి గోడలకు సున్నం కొట్టేవారు. కొత్త సున్నం ఘాటుకు బూజు బతకదు. పెంకుల సందుల్లోంచి గాలి, నడిమింట్లోకి ఎండ. బట్టల పెట్టె కింద ఇటుకలు పెట్టి ఎత్తేవారు. మీ ఫ్లాట్‌లో బీరువాను గోడకు ఆనించి ఉంటారు, ఒక జానెడు ముందుకు లాగమనండి నాన్నను. వెనక నల్ల మచ్చలు కనిపిస్తాయి. తుడిచి, ఆరాక, ఆ సందు అలాగే ఉంచండి.

అద్దెదారులు ఖాళీ చేశాకే సాంబ్రాణి. దాని పొగ కంపును చంపదు, కప్పుతుంది. కిటికీ తీసే వెయ్యాలి, ఆయాసం ఉన్నవాళ్ళ దగ్గర వెయ్యకూడదు. బట్టల మధ్య గుప్పెడు వట్టివేళ్ళో, నీడన గలగలలాడేలా ఎండిన వేపాకో పల్చటి గుడ్డలో మూట కట్టి పెట్టండి. సగం ఎండిన ఆకు పెడితే అదే బూజు పడుతుంది. కలరా ఉండలు పసిపిల్లల బట్టల్లో అసలు వద్దు. ఆ ఆవిరికి కొందరు పసివాళ్ళలో ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. కర్పూరం కూడా మింగితే విషమే, చిన్నోడికి అందకుండా పెట్టాలి.

మరి ఏ మూల కంపు ఉందో ఎలా తెలుస్తుంది? లోపల ఉన్నవాళ్ళకు తెలియదు. కొన్ని నిమిషాల్లోనే ముక్కు అలవాటు పడిపోతుంది. బడి నుంచి రాగానే గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, గట్టిగా పీల్చండి. ఆ మొదటి పీల్పే నిజం చెబుతుంది. చెప్పులు విప్పేలోగా అబద్ధం మొదలవుతుంది.

అద్దెదారులందరినీ తిట్టేశాను కానీ, ఒక రకం వాళ్ళకు మాత్రం నేనే ఎదురు అద్దె ఇస్తాను. తొలకరి పడగానే నేల నుంచి లేచే వాసన ఉంది చూశారూ, అందులో పెద్ద పాలు మట్టిలో కాపురముండే స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా వంటే. జియోస్మిన్ అంటారు దాన్ని. 1964లో ఆస్ట్రేలియాలో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు ఆ వాన వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టారు. వాళ్ళు పేరు పెట్టకముందే ఉత్తరప్రదేశ్‌లో కనౌజ్ అత్తరువాళ్ళు కాల్చిన మట్టి ముక్కల్ని నీళ్ళలో మరిగించి ఆవిరి పట్టి, ఆ వాసనను చందనం నూనెలోకి దించి సీసాలకెత్తారు. బాక్టీరియా అనే చిన్న ప్రాణులే జేబులో ఉంటే కంపు, మట్టిలో ఉంటే అత్తరు ఎందుకవుతాయో, మన ముక్కు ఆ మట్టి వాసనను అంత చిన్న మోతాదులో ఎలా పట్టేస్తుందో, ఎంత చదివినా నాకు ఆశ్చర్యమే.

పూలకుండీలోంచి గుప్పెడు మట్టి తీసి, పళ్ళెంలో పల్చగా పరిచి, వారం రోజులు కిటికీ దగ్గర ఎండనివ్వండి. తరవాత కళ్ళు మూసుకున్న చిన్నోడి ముందు పెట్టి, బుజ్జీ, నువ్వు వేళ్ళతో నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించు. ఏమనిపించిందో వాడే రాయాలి, ఆ వంకర అక్షరాలతోనే.

మీ తాతయ్య