కంపోస్టబుల్ ప్లాస్టిక్ ఇంటి బిన్‌లో కలిసిపోతుందా? అపోహలు - వాస్తవాలు

‘కంపోస్టబుల్ అని రాసిన ప్లాస్టిక్ కప్పును కంపోస్ట్ బిన్‌లో వేశాను. నెలలు గడిచినా కప్పు కప్పులాగే ఉంది. నేనేం తప్పు చేశాను?’ ఇంట్లో కంపోస్ట్ చేయడం నేర్పే నన్ను జనం ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. మీ తప్పేమీ లేదు. ఆ కప్పును మీ బిన్ కోసం తయారుచేయలేదు.

అపోహ: కంపోస్టబుల్ అని రాసి ఉంటే ఇంట్లోనూ ఎరువైపోతుంది.

వాస్తవం: ఆ మాట ఒక్కటే ఉంటే అది సాధారణంగా పెద్ద కంపోస్ట్ ప్లాంట్ల లెక్కలో రాసిందే. ఐరోపా ప్రమాణం ఈఎన్ 13432 చూడండి. పరీక్ష సుమారు 58 డిగ్రీల వేడిలో జరుగుతుంది. 12 వారాలయ్యాక 2 మి.మీ. జల్లెడ మీద పదో వంతుకు మించి మిగలకూడదు. ఆరు నెలల్లో 90 శాతం జీవవిచ్ఛిన్నం కావాలి, అంటే సూక్ష్మజీవులు దాన్ని తినేయాలి. ఇంటి బిన్‌లో అంత వేడి ఎక్కడిది? కొత్త చెత్త పడ్డప్పుడు కొన్నాళ్లు వేడెక్కినా మళ్లీ చల్లబడుతుంది.

పారదర్శకంగా ఉండే ఇలాంటి కప్పులు చాలావరకు పీఎల్‌ఏ అనే, మొక్కల నుంచి తీసే ప్లాస్టిక్‌తో చేసినవే. దాని పొడవాటి అణు గొలుసులను ముందు తేమ తెంపాలి, ఆ తర్వాతే సూక్ష్మజీవులు తినగలవు. తేమ ఆ పని చురుగ్గా చేయాలంటే పీఎల్‌ఏ మెత్తబడే 55-60 డిగ్రీల వేడి కావాలి. అలాంటి పల్చటి కప్పును సింకులో పెట్టి వేడివేడి నీళ్లు పోస్తే గోడలు వంకరపోయి ఒక పక్కకు వాలిపోతుంది. చల్లటి బిన్‌లో మాత్రం చెక్కుచెదరదు.

ఒకావిడ తన ఎరువు తెచ్చి, ‘ఇదంతా పారబోయాలా అండీ?’ అన్నారు. గొంతులో ఏడుపే తక్కువ. జల్లెడ పట్టాం. కింద నల్లటి, మంచి మట్టివాసన వేసే ఎరువు. పైన మిగిలింది ఒక కప్పు మూత, దాని మీద ‘కంపోస్టబుల్’ అన్న అక్షరాలు చక్కగా చదవొచ్చు. మూత తీసేసి ఎరువు మొక్కలకు వేసుకోమన్నాను. ఇలా బెదిరి కంపోస్ట్ చేయడమే మానేసిన వాళ్లు ఎందరో! ప్లాంట్ వేడి కావాలన్న సంగతి కనిపించీ కనిపించని అక్షరాల్లో వేసేవాళ్ల మీదే నాకు కోపం.

అపోహ: ‘హోం కంపోస్టబుల్’ ముద్ర ఉంటే ఇక చింత లేదు.

ఇది కొంత నయం. ఉదాహరణకు ‘ఓకే కంపోస్ట్ హోమ్’ అనే ధ్రువీకరణ ముద్రకు 20-30 డిగ్రీల్లో, 12 నెలల్లో 90 శాతం జీవవిచ్ఛిన్నం కావాలి. కానీ ల్యాబ్‌లో ఉండే నిలకడైన తేమ, వేడి మన బిన్‌లో ఉండవు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్లు బ్రిటన్‌లో మామూలు జనం చేతే చేయించి 2022లో ప్రచురించిన ప్రయోగంలో, ఇంటి కంపోస్ట్‌కు పనికొస్తాయని ధ్రువీకరించిన ప్లాస్టిక్‌లలోనే 60 శాతం పూర్తిగా విడిపోలేదు.

మిగతావి రెండు ముక్కల్లో. మొక్కజొన్నతో చేశారు కాబట్టి మట్టిలో కలిసిపోతుందన్నది ఉత్త పుకారు. దేనితో చేశారన్నది వేరు, కుళ్లుతుందా అన్నది వేరు. ‘బయోడిగ్రేడబుల్’ అన్న మాటకు గడువు, పరిస్థితి రాయకపోతే విలువ లేదు. పీఎల్‌ఏను పెట్ (పీఈటీ) అనే మామూలు ప్లాస్టిక్ నీళ్ల సీసాలతో కలిపితే రీసైక్లింగ్ సరుకు చెడిపోతుంది.

హోం ముద్ర ఉన్న సంచి వేయాలంటే ముక్కలుగా చించి, తడి చెత్త మధ్యలోకి తోసి, తేమ ఆరకుండా చూసుకుంటూ అప్పుడప్పుడూ కలపండి. జల్లెడ మీద మిగిలిన సంచి ముక్కలను మళ్లీ బిన్‌లోనే వేయండి. ఆ ముద్ర లేని కప్పులు, మూతలు, చెంచాలను అసలు బిన్ దాకా రానివ్వకండి. వాటిని తీసుకునే ప్లాంట్ ఉంటేనే అక్కడికి పంపండి.