ముప్పై అడుగుల రోడ్డు, ఒక చర్చి, ఒక స్కూలు

బెంగళూరులో కృష్ణరాజపురం వైపున్న మా లేఅవుట్లో కొన్నాళ్లుగా ఒకటే టెన్షన్. వీధి చివర ఖాళీ జాగాలో చర్చి, దాన్ని ఆనుకుని స్కూలు కడతారట. వీధిలో సగానికి సగం తెలుగువాళ్లమే. మొన్న అపార్ట్‌మెంట్ సెల్లార్లో అందరం కూర్చున్నప్పుడు ఒకాయన, "చర్చి వద్దని ఎవరన్నారండీ? స్కూలు బస్సులు ఈ సందులో ఎట్లా తిరుగుతాయో చెప్పండి చాలు" అన్నారు. నెల్లూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న పెద్దావిడ వెంటనే అందుకున్నారు: "తెలుగు ఆరాధన కోసం ప్రతి ఆదివారం రెండు బస్సులు మారుతున్నాను బాబూ. నా మోకాళ్ల సంగతీ చూడండి."

ఇద్దరి మాటా నిజమే. చిక్కు ఎక్కడుందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

1898 ప్లేగు తర్వాత పెరిగిన బసవనగుడి, మల్లేశ్వరంలో గుడీ బడీ ఇళ్ల మధ్యే ఉండేవి. దాన్ని ఎవరూ సమస్య అనుకోలేదు. పిల్లలు నడిచే వచ్చేవాళ్లు, భక్తులూ అంతే. 1961లో కర్ణాటక పట్టణ ప్రణాళిక చట్టం చేశారు. 1976లో బెంగళూరు అభివృద్ధి సంస్థ, అంటే బీడీఏ పుట్టింది. బీడీఏ చట్టం ప్రకారం లేఅవుట్ వేస్తే కనీసం 15 శాతం పార్కులకీ ఆటస్థలాలకీ, ఇంకో 10 శాతం పౌర సౌకర్యాలకీ వదలాలి. ఆ రెండో దాన్నే జనం సీఏ (సివిక్ అమెనిటీ) సైట్లంటారు. స్కూలు పెట్టాలనుకునేవాళ్లు ముందు వెతికేది వాటినే.

మా లేఅవుట్లో ఒక్క సీఏ సైటూ లేదు. వ్యవసాయ భూమిని ముక్కలు చేసి అమ్మిన రెవెన్యూ సైట్లివి. బ్రోచర్లో పార్కు ఉండేది, అదీ తర్వాత రెండు ఇళ్లయింది. 2007లో 110 గ్రామాలను కూడా కలిపి బీబీఎంపీ అనే పెద్ద నగర పాలక సంస్థ చేసినప్పుడు ఇలాంటి కాలనీలెన్నో నగరంలోకొచ్చాయి. వీటిని క్రమబద్ధం చేస్తామన్న అక్రమ-సక్రమ పథకానికి 2017లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. బడికీ ప్రార్థనకీ ముందే చోటు వదలని కాలనీలో ఎవరు ఏది కట్టినా ఎవరో ఒకరి గుమ్మం ముందే పడుతుంది. నా మటుకు గొడవ మూలం ఇదే.

కోర్టులు ఇరుగుపొరుగు మాటను కొట్టేయలేదు. ఉడుపిలో నివాస ప్రాంతంలో కల్యాణ మంటపానికని అనుమతి తీసుకుని, దాన్ని సినిమా హాలుగా మార్చబోతే 1974లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అక్కడ ఉండేవాళ్లకి అడిగే హక్కుందని చెప్పింది. 1991 తీర్పు మన నగరానిదే. రాజమహల్ విలాస్ లేఅవుట్లో పార్కుకని వదిలిన స్థలాన్ని ముఖ్యమంత్రి చెప్పారని ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చేస్తే, చుట్టుపక్కలవాళ్లు పోరాడి నిలబెట్టుకున్నారు.

మా వాట్సాప్ గ్రూపులో మాత్రం 2009 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వే చక్కర్లు కొడుతోంది. అది రోడ్లు, పార్కుల్లాంటి బహిరంగ స్థలాల్లో అనుమతి లేకుండా గుడి, చర్చి, మసీదు, గురుద్వారా కట్టకూడదని చెప్పింది. సొంత జాగా కొనుక్కుని అనుమతి అడిగేవాళ్ల మీదికి దాన్ని తేవడం న్యాయం కాదు.

ఇక్కడ అడగాల్సింది వేరు. 2007లో ఆమోదించిన మాస్టర్ ప్లానే ఇప్పటికీ నడుస్తోంది. 2031 కోసం 2017లో వేసిన ముసాయిదాను వెనక్కి తీసుకున్నారు. ఏ జోను ఎక్కడుందో రంగుల్లో చూపే ఆ పాత మ్యాపులో మా ఖాళీ జాగా ఏ రంగులో ఉంది? నివాస ప్రాంతమైతే రోడ్డు వెడల్పు, పార్కింగ్ లెక్కలు చూడాలి. వేరే జోనైతే 1961 చట్టం 14ఎ సెక్షన్ కింద భూ వినియోగం మార్పించుకోవాలి, దానికి పత్రికల్లో ప్రకటన వేసి అభ్యంతరాలు పిలవాలి. సంతకాల కాగితం తిరిగింది కానీ మ్యాపు ఎవరూ తెప్పించలేదు.

ఆ సాయంత్రం మేస్త్రీ దగ్గర టేపు తెచ్చి రోడ్డు కొలిచాం. పత్రాల్లో 30 అడుగులు. ఒకాయన గేటు ముందు ర్యాంపు, ఇంకొకరి పూలకుండీలు పోను తేలింది 24. ర్యాంపు బస్సుల గురించి అడిగినాయనదే.