సెల్లార్‌లో వద్దన్నారు, బెడ్‌రూమ్‌లోకి చేరింది

బెజవాడ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ అదే గొడవ మొదలైంది. ఎక్కడో ఎలక్ట్రిక్ స్కూటర్ కాలిపోతున్న వీడియో ఒకటి ఫార్వర్డ్ అవ్వడం, సాయంత్రానికల్లా అసోసియేషన్ నోటీసు నోటీస్ బోర్డెక్కడం. సెల్లార్‌లో ఈవీ (ఎలక్ట్రిక్ బండి) చార్జింగ్ నిషేధం, పెడితే ఫైన్, కామన్ మీటర్ నుంచి కరెంట్ వాడితే డబుల్ ఫైన్. బండ్లున్నవాళ్లేమో మరి మేం ఎక్కడ పెట్టుకోవాలి అని అడుగుతున్నారు, దానికి మాత్రం ఏ నోటీసులోనూ జవాబు లేదు.

ఈవీలు ఎప్పుడొచ్చాయి, సబ్సిడీలు ఎంత ఇచ్చారు అనేది అందరికీ తెలిసిందే, అది వదిలేద్దాం. నా లెక్కలో ఈ గొడవ అర్థం కావాలంటే 2022 ఏప్రిల్ 23 దగ్గరికి వెళ్లాలి. ఆ శనివారం తెల్లవారుజామున మన సూర్యారావుపేట వైపు గులాబీతోటలో ఒక ఇంట్లో, బెడ్‌రూమ్‌లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలింది. బండి కొని ఒక్క రోజే. ఇంటి యజమాని చనిపోయాడు, భార్యకి తీవ్రంగా కాలిన గాయాలు, ఇద్దరు పిల్లలకీ దెబ్బలు తగిలాయి. ఇరుగుపొరుగు వాళ్లు తలుపులు పగలగొట్టి బయటికి తీశారు.

అంతకి మూడు రోజుల ముందే నిజామాబాద్‌లో ఇలాగే జరిగింది, ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఎనభై ఏళ్ల పెద్దాయన పోయాడు. ఒక నెల వెనక్కి వెళ్తే వేలూరులో తండ్రీకూతుళ్లు, అక్కడ పొగకే ఊపిరాడలేదు. మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. మూడుచోట్లా బ్యాటరీ ఇంటి దగ్గరే చార్జింగ్‌లో ఉంది, మూడుచోట్లా జనం నిద్రలో ఉన్నారు. ఒక్కటి కూడా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జరగలేదు!

ఏప్రిల్ 21నే కేంద్రమంత్రి గడ్కరీ కంపెనీల్ని హెచ్చరించారు, లోపం తేలితే జరిమానాలు, బండ్లు వెనక్కి తీసుకోవాలి అని. తర్వాత ఏఐఎస్-156 అనే ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీ భద్రత రూల్స్ మార్చారు, మొదటి దశ 2022 డిసెంబర్ 1 నుంచి, రెండోది 2023 మార్చి 31 నుంచి. చార్జర్, బీఎంఎస్ (బ్యాటరీని అదుపులో ఉంచే సర్క్యూట్), ప్యాక్ లోపల ఒక సెల్ వేడెక్కితే ఆ మంట మిగతా సెల్స్‌కి పాకకూడదు, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. మంచిదే, కానీ ఆ తేదీలకి ముందు అమ్మిన బండ్లు రోడ్డు మీద నుంచి మాయమైపోలేదు కదా, సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతూ తిరుగుతూనే ఉన్నాయి.

అసోసియేషన్ల వాదన ఏంటంటే, సెల్లార్‌లోనే మీటర్లన్నీ ఉంటాయి, పక్కనే కార్లు, ఒకటి అంటుకుంటే మెట్ల మీదుగా పొగ పైకి వస్తుంది. భయం అబద్ధమేం కాదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి సింగ్ నగర్ వైపు బండ్లన్నీ నీళ్లలో ఉన్నాయి, నానిన లిథియం బ్యాటరీ కొన్ని రోజులాగి కూడా అంటుకోవచ్చు.

ఇక బండ్లున్నవాళ్ల మాట. 2022 జనవరి 14న కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన గైడ్‌లైన్స్‌లోనే ఉంది, ఇంటికున్న కరెంట్ కనెక్షన్‌తోనే సొంత బండి చార్జ్ చేసుకోవచ్చు అని. 2019లో కేంద్రం మోడల్ బిల్డింగ్ బైలాస్‌లో (రాష్ట్రాలకి నమూనాగా ఇచ్చే కట్టడాల రూల్స్) కొత్త బిల్డింగుల పార్కింగ్‌లో 20 శాతం ఈవీలకి పెట్టమంది. పాతవాటి సంగతి ఎవరూ పట్టించుకోలేదు, మన మొగల్రాజపురం, పటమట, సత్యనారాయణపురంలో ఉన్నవి ఎక్కువ పాతవే. వీళ్లు అడుగుతున్నది కూడా పెద్దదేం కాదు, నా మీటర్ నుంచే నా పార్కింగ్ దాకా ఒక లైన్, దానికి విడిగా ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్), సరైన ఎర్తింగ్, ఒక మంచి సాకెట్. ఎలక్ట్రీషియన్‌కి ఒక పూట పని. దానికి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే కాగితం) ఇవ్వమంటే మీటింగ్ పెడదాం అంటారు, మీటింగ్‌కి కోరం ఉండదు.

కాబట్టి జరిగేదేంటి, కింద వద్దన్నారని బ్యాటరీ ఊడదీసి పైకి మోసుకెళ్తారు. రాత్రి పెట్టి పొద్దున్న తీస్తారు. అంటే సెల్లార్‌ని కాపాడబోయి గులాబీతోటలో ఏ పరిస్థితిలో ప్రాణం పోయిందో సరిగ్గా ఆ పరిస్థితినే ఫ్లాటు ఫ్లాటుకీ తెచ్చి పెడుతున్నాం.

ఇంకో ముక్క, ఇది ఎవరూ మాట్లాడరు. ఇళ్ల బిల్డింగ్‌కి ఫైర్ ఎన్‌వోసీ గొడవ 18 మీటర్ల ఎత్తు దగ్గర మొదలవుతుంది. మన స్టిల్ట్ ప్లస్ ఐదు (కింద పార్కింగ్, పైన ఐదు ఫ్లోర్లు) ఎంత ఉంటుందో లెక్కేయండి, ఫ్లోర్‌కి మూడు మీటర్లకి కాస్త తక్కువ వేసుకుంటే ఆ 18 మీటర్ల గీతకి కొంచెం ముందే ఆగిపోతుంది. అంటే ఊళ్లో సగటు అపార్ట్‌మెంట్‌ని ఫైర్ వాళ్లు వచ్చి చూసే అవసరమే రాదు. 2020 ఆగస్టు 9న మన ఊళ్లోనే కోవిడ్ సెంటర్‌గా నడిచిన హోటల్లో మంటలొచ్చి పది మంది చనిపోయినప్పుడు కూడా మాటలన్నీ హోటళ్లు, ఆసుపత్రుల చుట్టూనే తిరిగాయి, ఇళ్లదాకా రాలేదు.

మా బిల్డింగే చెప్తా. టెర్రస్ తలుపుకి తాళం, తాళంచెవి ప్రెసిడెంట్ గారింట్లో, ఆయన ఎండాకాలం రెండు నెలలు కొడుకు దగ్గరికి వెళ్తారు. బాల్కనీలన్నీ కోతులొస్తున్నాయని గ్రిల్ కొట్టించేశారు, ఒక్కదానికీ తెరుచుకునే కిటికీ పెట్టలేదు. మెట్ల దగ్గర ఫ్లోర్‌కో షూ రాక్, రెండో ఫ్లోర్లో పాత వాషింగ్ మెషీన్. ఫైర్ సిలిండర్ ఒకటుంది, దాని ముల్లు ఎర్రలోకి దిగి ఎన్నాళ్లయిందో. అయినా లిథియం ప్యాక్ ఒకసారి లోపల అంటుకుంటే ఆ చిన్న సిలిండర్ ఆపలేదు, దాన్ని చల్లార్చడానికి చాలా నీళ్లు కావాలి. బుస్సుమని శబ్దమో తెల్లటి పొగో కనిపిస్తే ముట్టుకోకుండా, గది తలుపు వేసేసి, అందర్నీ మెట్ల మీదుగా దింపి ఫైర్ వాళ్లకి 101కి ఫోన్ కొట్టడమే, ఆ పొగ పీల్చడం మంటకన్నా తక్కువేం కాదు. బండి తిరిగొచ్చాక అరగంట చల్లారనిచ్చి, కంపెనీ చార్జర్‌తోనే, మనుషులు మెలకువగా ఉన్నప్పుడే పెట్టాలని కూడా నోటీసులో రాయొచ్చు. రాయలేదు, ఫైన్ ఎంతో మాత్రం రెండుసార్లు రాశారు.

మొన్న రాత్రి లిఫ్ట్‌లో మూడో ఫ్లోర్ కుర్రాడు బ్యాటరీని చంటిపిల్లాడిలా ఎత్తుకుని ఎక్కాడు. ఎక్కడ పెడతావురా అనడిగా.

“గుమ్మం పక్కనే అంకుల్, షూ రాక్ మీద. ఇంట్లో ఖాళీగా ఉన్న ప్లగ్ అదొక్కటే.”