మణుగూరు భారజలం

గనిలోంచి తవ్విన యురేనియంలో తేలిగ్గా పగిలి వేడినిచ్చే రకం, అంటే యురేనియం-235, నూటికి 0.7 పాళ్లే. కరెంటు తీసే అమెరికా, ఫ్రాన్స్ అణు రియాక్టర్లకు ఆ వాటాను నూటికి 3 నుంచి 5 పాళ్ల దాకా పెంచాలి. అదే పనిని ఇంకా ముందుకు తీసుకెళ్తే బాంబు సరుకవుతుంది కాబట్టి ఆ విద్యను ఏ దేశమూ సులువుగా పంచుకోదు. మనవాళ్లు యురేనియాన్ని ఉన్నదున్నట్టే ఉంచి, దాని చుట్టూ ఉండే నీటిని మార్చి భారజలం వాడారు. అంటే మామూలు హైడ్రోజన్ బదులు దాని బరువైన రకం, డ్యుటీరియం, ఉన్న నీళ్లు.

పరమాణువు పగిలితే బయటికి దూకే న్యూట్రాన్లు విపరీతమైన వేగంతో పోతాయి. వేగం తగ్గితేనే మరో యురేనియం-235ను పగలగొట్టే అవకాశం పెరుగుతుంది. గోళీ తనంత గోళీని కొట్టి ఆగినట్టు, న్యూట్రాన్ దాదాపు తనంత బరువే ఉన్న హైడ్రోజన్‌ను గుద్దుకుంటే చప్పున నెమ్మదిస్తుంది. ఆ లెక్కన మామూలు నీళ్లే మేలు. కానీ మామూలు హైడ్రోజన్ కొన్ని న్యూట్రాన్లను మింగేస్తుంది. సహజ యురేనియం ఆ నష్టాన్ని తట్టుకోలేదు. భారజలంలోని డ్యుటీరియంకు వేగం తగ్గించడానికి ఇంకొన్ని దెబ్బలు కావాలి గానీ, అది న్యూట్రాన్లను దాదాపు మింగదు.

డ్యుటీరియం మనం తాగే నీళ్లలోనూ ఉంది. సుమారు ఆరున్నర వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి! దాన్ని ఏరడమే మణుగూరు కర్మాగారం పని. గోదావరి నీటిని, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును ఎత్తైన టవర్లలో ఎదురెదురుగా పంపిస్తారు. చల్లని భాగంలో డ్యుటీరియం వాయువులోంచి నీటిలోకి చేరుతుంది, వేడి భాగంలో తిరిగి వాయువులోకి పోతుంది. ఈ రాకపోకలతో అంచెలంచెలుగా కొంత చిక్కబడ్డాక, ఆ నీటిని ఆవిరిచేసి వేరుచేస్తే చివరికి 99.8 శాతం శుద్ధమైన భారజలం వస్తుంది. ఆ వాయువు మోతాదు పెరిగితే ముక్కుకు వాసన తెలియడం మానేస్తుంది, ఆ తర్వాత ప్రాణమే పోతుంది. దాని మధ్య రాత్రింబవళ్లు పనిచేసే కార్మికుల గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకోం. ఈ పనికి కావాల్సిన వేడికి, ఆవిరికి బొగ్గు కావాలి. పక్కనే సింగరేణి గనులున్నాయి.

భారజల రియాక్టర్లలో ఇంధనాన్ని యంత్రం ఆపకుండానే మార్చొచ్చు. కర్ణాటకలోని కైగా ఒకటో యూనిట్ 2018 డిసెంబర్ 31 దాకా వరుసగా 962 రోజులు నడిచి అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఇలాంటి రియాక్టర్లకు ఇంధన కట్టలు తయారుచేసేది హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్.

ఈ కరెంటు మనకు కావాలనే నేనంటాను. రియాక్టర్ దగ్గర బొగ్గు పొగ లేకుండా రాత్రీ పగలూ ఆగక కరెంటు ఇచ్చే దారులు మరెన్నో లేవు. అయితే కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల రైతులు తమ బోర్లలో నీళ్లు చెడిపోయాయని ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. ఆ నీటి పరీక్షలు ప్రభుత్వంతో సంబంధం లేని నిపుణులు చేయాలి, ఫలితాలు తెలుగులో ప్రతి పంచాయతీ గోడ మీదా అంటించాలి.