కృష్ణానది ఆనకట్టలు చూడబోయే వారికి: అపోహలు – వాస్తవాలు

నీటిపారుదల ఇంజనీరుగా నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఆనకట్టల నిర్వహణలోనే గడిచింది. శ్రీశైలం, నాగార్జునసాగర్ చూడడానికి బయలుదేరే బంధుమిత్రుల నోట ఏటా వినిపించే కొన్ని మాటలను సరిచేయవలసిన అవసరం ఉందనిపించి ఇది రాస్తున్నాను.

అపోహ: గేట్లు ఎత్తినప్పుడే సాగర్ చూడాలి. వేసవిలో వెళితే చూడడానికి ఏమీ ఉండదు.

వాస్తవం: గేట్లు ఎత్తినప్పుడు మనం నీటిని చూస్తాం, మూసి ఉన్నప్పుడే కట్టడాన్ని చూడగలుగుతాం. దూరం నుంచి కాంక్రీటు గోడలా కనిపించే సాగర్ ప్రధాన ఆనకట్ట నిజానికి రాతి కట్టడం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాటి నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలిన నాటి వరకు, వేలాది మంది కూలీలు రాళ్ళు మోసి, పేర్చి, సుమారు 1,450 మీటర్ల పొడవున, పునాది నుంచి 124 మీటర్లకు పైగా ఎత్తున దానిని నిలబెట్టారు. ఎండ ఏటవాలుగా పడే సాయంకాలం దిగువ వైపు నుంచి చూస్తే, రాళ్ళ మధ్య అతుకులు వరుస వరుసగా కనిపిస్తాయి. వరద నురగ కమ్ముకున్న రోజున ఆ పనితనం కంటికి ఆనదు.

శ్రీశైలం జలాశయం మట్టం బాగా తగ్గినప్పుడు మాత్రమే సంగమేశ్వరం ఆలయం నీటిలోంచి బయటపడుతుంది. కనుక వేసవి ప్రయాణాన్ని వృథా అనుకోనక్కరలేదు.

అపోహ: అధికారులు తలచుకుంటే ఎప్పుడైనా గేట్లు ఎత్తవచ్చు.

వాస్తవం: సాగర్ స్పిల్‌వే, అంటే వరద నీరు పొర్లిపోయే భాగం, దాని శిఖరం సముద్రమట్టం నుంచి 546 అడుగుల ఎత్తులో ఉంది. దాని మీద 44 అడుగుల ఎత్తున్న 26 గేట్లు నిలబడి నీటిని 590 అడుగుల వరకు ఆపుతాయి. నీటిమట్టం 546కు దిగువన ఉంటే, గేట్లన్నీ ఎత్తినా వాటి కింద నుంచి చుక్క నీరు కూడా పోదు. శ్రీశైలంలో ఇదే లెక్క 830, 885 అడుగులు. 2009 అక్టోబరు వరదలో అక్కడ మట్టం 896 అడుగులు దాటినప్పుడు, గేట్ల నిర్వహణ ఎంతటి బాధ్యతో ఈ రంగంలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలిసివచ్చింది.

అపోహ: ఆనకట్టలోంచి నీరు ఊరుతోందంటే అది పగుళ్ళు బారినట్టే.

వాస్తవం: నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించే పుకారు ఇది, ఎందుకంటే ఇది దిగువ గ్రామాల వారికి కంటి మీద కునుకు లేకుండా చేస్తుంది. పెద్ద ఆనకట్టల కడుపులో గ్యాలరీ అనే సొరంగ మార్గం ఉంటుంది. పునాది కిందకు చేరే నీరు కట్టడాన్ని పైకి నెట్టకుండా, ఆ నీటిని బయటకు రప్పించడానికి అక్కడ రంధ్రాలు తవ్వి ఉంచుతారు. అంటే ఆ ఊట మనం కోరి తెచ్చుకున్నదే. చల్లగా, తేమగా ఉండే ఆ గ్యాలరీలో లైటు పట్టుకుని, వి ఆకారపు గాటు ఉన్న పలక మీదుగా పారే నీటి ఎత్తును స్కేలుతో కొలిచి రిజిస్టరులో రాయడం మా నిత్యకృత్యం. నీరు తేటగా, జలాశయం మట్టానికి తగినట్టుగా వస్తుంటే నిశ్చింతగా ఉంటాం. అది హఠాత్తుగా పెరిగినా, బురదగా మారినా ఆందోళన పడతాం. ఎప్పుడూ పారే రంధ్రం ఎండిపోయినా అనుమానిస్తాం. అది పూడుకుపోయి ఉండవచ్చు. మట్టికట్టల విషయంలో బురద ఊట మరింత ప్రమాదకరం. సాగర్‌కు ఇరువైపులా అటువంటి కట్టలు ఉన్నాయి కనుక వాటి మీద నిఘా ఎక్కువ.

అపోహ: సాగర్ కట్టినప్పటి నిల్వ సామర్థ్యమే నేటికీ ఉంది.

వాస్తవం: మొదట 408 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). పూడిక చేరిన తరువాత లెక్క 312 టీఎంసీలకు తగ్గింది.

అపోహ: నాగార్జునకొండ బౌద్ధ క్షేత్రం పూర్తిగా నీటిపాలైంది.

వాస్తవం: లోయ మునిగింది, నిజమే. అయితే మునగక ముందే, 1954 నుంచి 1960 వరకు, భారత పురావస్తు శాఖ అక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండపైకి, జలాశయం ఒడ్డున ఉన్న అనుపుకు తరలించి తిరిగి నిర్మించింది. నేడు పడవలో మనం చేరుకునే దీవి ఆనాటి కొండ పైభాగమే. ఒకే రోజు సమయం ఉంటే, ఆనకట్ట మీద గంట తగ్గించుకుని అయినా అక్కడి మ్యూజియం చూడమంటాను.

అపోహ: ఆకాశం నిర్మలంగా ఉంది కనుక దిగువన నదిలో దిగవచ్చు.

వాస్తవం: కృష్ణలో వరద మహారాష్ట్ర, కర్ణాటకల వానల వల్ల కూడా వస్తుంది, మన దగ్గర ఎండ కాస్తుండగానే నది పొంగవచ్చు. వాన అసలే లేని రోజున సైతం, గేట్లు మూసి ఉండగానే, విద్యుత్ ఉత్పత్తి మొదలైతే టర్బైన్ల నుంచి వేల క్యూసెక్కులు దిగువకు వస్తాయి. పది నిమిషాల క్రితం నడిచి వెళ్ళిన బండరాయి చుట్టూ నీరు చేరి, తిరిగి రావడానికి దారి లేక నిలబడిపోయిన పిల్లలను నేను చూశాను. ఫొటో కోసం నది మధ్యనున్న బండల మీదకు దయచేసి వెళ్ళకండి. సైరన్ వినిపిస్తే చెప్పులు, సంచులు ఎక్కడివి అక్కడే వదిలేసి, ముందు పిల్లలను వెంటబెట్టుకుని గట్టు ఎక్కండి.