ఎర్ర బల్బు, ఎర్ర కిటికీ, ఎర్ర కాగితం: ఫిల్మ్ ఫొటోగ్రఫీలో అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో పెళ్లిళ్లూ బారసాలలూ డిజిటల్ కెమెరాతో తీసి బతుకుతున్నాను. మూఢం వచ్చి పని లేనప్పుడు మాత్రం పాత కెమెరాలో రీలు ఎక్కించి, రంగు లైట్లతో ఆడుకుంటాను. చూసినవాళ్లు అనే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిలో కొన్ని ఒకప్పుడు నేనూ నమ్మాను. నాలుగైదు రీళ్లు తగలేశాకే వదిలాను.

అపోహ: ఎర్ర బల్బు వేసుకుంటే డార్క్‌రూమ్‌లో రీలు ధైర్యంగా విప్పొచ్చు.

వాస్తవం: విప్పారంటే రీలు పోయినట్టే. సినిమాల్లో కనిపించే ఆ బల్బు బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు వేసే పేపర్ కోసం. ఆ పేపర్‌కి ఎరుపు కనపడదు. ఇప్పుడు దొరికే బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముల్లో ఎక్కువ భాగం పాంక్రోమాటిక్, అంటే ఎరుపుతో సహా అన్ని రంగులూ చూస్తాయి. కలర్ ఫిల్మ్ సంగతి చెప్పక్కర్లేదు. రీలు దాన్ని కడిగే ట్యాంకులోకి వెళ్లి మూత పడేదాకా కటిక చీకటి ఉండాలి. నేనైతే రాత్రి భోజనాలయ్యాక బాత్రూమ్ తలుపు కింద దుప్పటి కూరి చేస్తాను. వీధిలో కరెంటు పోతే ఆ రోజు పండగే.

మన దేశంలో తయారైన అగ్ఫా క్లిక్-3 కెమెరా చాలా ఇళ్ల అటకల మీద ఇంకా ఉంది. 120 అనే వెడల్పాటి రీలు వేస్తే 12 ఫొటోలు వస్తాయి. దాని వెనక ఫొటో నంబరు చూసుకునే చిన్న ఎర్ర కిటికీ ఉంటుంది. అలాంటి కిటికీలు వాడుకలోకి వచ్చిన కాలంలో ఫిల్ములకి ఎరుపు కనపడేది కాదు కాబట్టి భయం లేదు. ఇప్పటి ఫిల్ముకి కనపడుతుంది. నల్ల టేపు అంటించి, రీలు తిప్పేటప్పుడు నీడలోకి వెళ్లి ఎత్తి చూసుకోండి.

అపోహ: పాత కెమెరా ఉంటేనే నీ ఫొటోల్లోలాంటి వింత రంగులు వస్తాయి.

వాస్తవం: కెమెరా ఒక చీకటి పెట్టె. పాత లెన్సు కాస్త మెరుపు, కాస్త మసక కలపొచ్చు. రంగు మాత్రం ఫిల్ముదీ లైటుదీ.

అపోహ: ఎరుపు, ఆకుపచ్చ లైట్లు కలిస్తే బురద రంగు వస్తుంది.

వాస్తవం: పెయింటు డబ్బాల్లో అయితే అంతే. లైట్లు కలిస్తే పసుపు వస్తుంది. పల్లెల్లో నాటకాలకి ఫోకస్ లైటు ముందు రంగుల చక్రం తిప్పడం చూసినవాళ్లకి ఇది సగం తెలుసు. మిగతా సగం నీడల్లో ఉంది. మనిషికి ఎడమ నుంచి ఎర్ర లైటు, కుడి నుంచి ఆకుపచ్చ లైటు వేసి, వెనక తెల్ల గోడ పెట్టండి. ఎర్ర లైటు వల్ల పడిన నీడ ఆకుపచ్చగా ఉంటుంది, ఎందుకంటే అక్కడికి చేరేది ఆ లైటొక్కటే. రెండోది ఎర్రగా ఉంటుంది. మా బావమరిదిని అలా నిలబెడితే "ఏటి బావా, నాకు రెండు నీడలేటి?" అని గోడ తడిమి చూశాడు.

ఫ్యాన్సీ షాపులో దొరికే రంగు గాజు కాగితం ఎల్‌ఈడీకి సరిపోతుంది. హాలోజన్ మీద వద్దు. నాది ఒకసారి పొగ లేచింది. స్టేజి లైట్లకి అమ్మే జెల్ షీటే వాడండి. ఇంకోటి, హాలోజన్‌లో నీలం తక్కువ. దాని మీద ముదురు నీలం షీటు వేస్తే బయటికొచ్చే వెలుగు అతి కొంచెం. కంటికి బాగున్నా ఫిల్ముకి చాలదు. అలాగని ఎక్స్‌పోజర్, అంటే ఫిల్ముకిచ్చే వెలుగు, మరీ పెంచితే రంగు వెలిసిపోతుంది. వెలుగు కొలిచే మీటర్ చెప్పిందొకటి, దానికి ఒక స్టాప్ (అంటే వెలుగు రెట్టింపో సగమో) అటూ ఇటూ ఇంకో రెండు తీసుకోవడమే నా పద్ధతి.

అపోహ: ల్యాబ్ నుంచి వచ్చిన రంగే అసలు రంగు.

వాస్తవం: ఇక్కడే నేను ఎక్కువ ఏడ్చాను. సిరిమానుకి ముందు రోజు, తొలేళ్ల రాత్రి పైడితల్లి అమ్మవారి గుడి దగ్గర సీరియల్ సెట్ బల్బుల వెలుగులో ఒక రీలంతా తీశాను. ముఖాలన్నీ ఎర్రగా, మెడలు నీలంగా ఉండాలి. స్కాన్లు వస్తే మధ్యాహ్నం తీసినట్టు చప్పగా ఉన్నాయి. స్కానర్ ఆ ఎరుపుని తప్పనుకుని సరిదిద్దేసింది. ఫిల్ము పాడైందని వారం రోజులు టెన్షన్ పడ్డాను. ఎరుపు నెగటివ్‌లోనే భద్రంగా ఉంది. ఆటో కరెక్షన్ ఆపి మళ్లీ స్కాన్ చేయిస్తే బయటికొచ్చింది. అప్పట్నుంచి కవరు మీద "రంగు సరిచేయవద్దు" అని పెద్దక్షరాలతో రాసి పంపుతున్నాను. నెగటివ్‌లు తప్పకుండా వెనక్కి అడగండి.

అపోహ: తోలు కేసులో పెట్టి బీరువాలో దాస్తే కెమెరా పదిలం.

వాస్తవం: మన తీరం తేమకి తోలు కేసు ఫంగస్‌కి పుట్టిల్లు. కేసు తీసేసి, మూత బిగుతుగా పట్టే డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి.

అపోహ: రంగుల ప్రయోగాలకి స్టూడియో కావాలి.

వాస్తవం: కళింగపట్నం బీచ్ చాలు. కెమెరాని స్టాండ్ మీద బిగించి, రీలు తిప్పకుండా ఒకే ఫ్రేమ్ మీద మూడుసార్లు తీయాలి. ఒకసారి ఎరుపు ఫిల్టర్, ఒకసారి ఆకుపచ్చ, ఒకసారి నీలం. నికాన్ ఎఫ్‌ఎం2 కెమెరాలో అలా రీలు కదలకుండా మళ్లీ తీయడానికి వేరే లివర్ ఉంది. ఫిల్టర్ లేకుండా మీటర్ చూపించినదానికి ఒక స్టాప్ ఎక్కువిచ్చి మూడూ తీస్తాను. కదలని లైట్‌హౌస్ మామూలు రంగులోనే వస్తుంది. కదిలే అలలు మాత్రం మూడు రంగులుగా విడిపోతాయి. ఫిల్టర్ మార్చేటప్పుడు స్టాండ్‌కి మోచెయ్యి తగిలిందంటే లైట్‌హౌస్‌కీ ఎర్ర అంచు వచ్చేస్తుంది. నా మొదటి మూడు ఫ్రేముల్లో అదే వచ్చింది.