కూరగాయ విత్తనాలు: డబ్బు ఎక్కడ మిగులుతుంది, ఎక్కడ పోతుంది? అపోహలు – వాస్తవాలు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో తొలకరి పడగానే విత్తనాల అంగళ్ళు కిటకిటలాడతాయి. ఆ హడావిడిలో చాలామంది చూసేది ప్యాకెట్టు మీద బొమ్మ, కింద ధర. చూడాల్సినవి వేరే రెండున్నాయి. వంద గింజల్లో ఎన్ని మొలుస్తాయి? గింజలో తేమ ఎంతుంది? అర ఎకరా వేసే రైతుకైనా, పెరట్లో పది పాదులు పెట్టుకునే ఇల్లాలికైనా డబ్బు మిగిలేది, పోయేది ఈ రెంటి దగ్గరే.

అపోహ: కిలో ఎవరు తక్కువకిస్తే వాళ్ళ దగ్గరే కొనాలి.

ఎర్రగడ్డ (ఉల్లి) విత్తనంతో లెక్క వేద్దాం. ఒక అంగట్లో కిలో 1,500 రూపాయలు, మొలక 80 శాతం అనుకోండి. ఇంకోచోట సంచిలోంచి తూచి ఇచ్చే విడి విత్తనం కిలో 1,000, మొలక 45 శాతం. మొలిచే గింజల లెక్కన మొదటిది కిలో 1,875 రూపాయలు పడుతుంది, రెండోది 2,222. పైగా మొలక 45కి పడిపోయిన విత్తనంలో లేచిన నారు కూడా నీరసంగానే ఉంటుంది. నారుమడిలో సగం నాటుకు వచ్చేసరికి మిగతా సగం ఇంకా సూదుల్లా ఉంటుంది.

అలాగని ఖరీదైనదల్లా మంచిదీ కాదు. ప్యాకెట్టు వెనక్కి తిప్పండి. రకం పేరు, లాట్ నంబరు, పరీక్ష తేదీ, గడువు, కనీస మొలక శాతం ఉండాలి. కేంద్ర ప్రమాణాల ప్రకారం టమోట, వంగ, ఎర్రగడ్డకు కనీసం 70 శాతం మొలక రావాలి. బెండకు 65, మిరప, సొర, కాకరకు 60 చాలు. మిరప ప్యాకెట్టు మీద 60 అని చూసి నాసిరకమనుకుని వదిలేయకండి, ఆ పంటకు ప్రమాణమే అంత.

ఎర్రగడ్డకు మాత్రం పరీక్ష తేదీ ప్రాణం. ఈ విత్తనం కోత ఏప్రిల్, మే నెలల్లో. జూన్‌లో కొంటూ ప్యాకెట్టు మీద కిందటేడాది అక్టోబరు తేదీ చూశారంటే అది పాత పంట గింజ. కూరగాయ విత్తనాల్లో త్వరగా సత్తువ పోయేవాటిలో ఎర్రగడ్డది ముందు వరుస. రకం కూడా అడగండి. ఖరీఫ్‌కు అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, ఎన్-53, అర్కా కళ్యాణ్ లాంటివి, రబీకి అగ్రిఫౌండ్ లైట్ రెడ్, అర్కా నికేతన్ లాంటివి. రబీ రకాన్ని ఖరీఫ్‌లో వేస్తే ఆకు ఏపుగా వస్తుంది, గడ్డ సరిగా ఊరదు. సందేహముంటే కొనకముందే బనవాసి, రెడ్డిపల్లి, ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రాల్లో మీకు దగ్గర్లోనిదాన్ని అడగండి.

ఇంటి అవసరానికైతే గ్రాముల లెక్క గుర్తుంచుకోండి. గ్రాము టమోటలో సుమారు 300 గింజలు, ఎర్రగడ్డలో దాదాపు అంతే, వంగలో 200 పైన, బెండలో 15 నుంచి 18. పది టమోట మొక్కలు చాలిన ఇంటికి 10 గ్రాముల ప్యాకెట్టు అంటే మూడు వేల గింజలు! పొదుపు సంఘంలో పదిమంది కలిసి ఒక ప్యాకెట్టు కొని, విప్పిన రోజే పంచుకుని, వెనకవైపు లేబులు అందరూ ఫోటో తీసుకుంటే తలా ఒక గ్రాము వస్తుంది. అది ఆ ఇంటికి రెండు మూడేళ్ళకు సరిపోతుంది.

అపోహ: నీలం ట్యాగు ఉంటేనే అసలు విత్తనం, పచ్చ ట్యాగు నకిలీ.

నీలం ట్యాగు ధ్రువీకరణ విత్తనానిది, అంటే ప్రభుత్వ సంస్థ పరీక్షించి ధ్రువీకరించినది. తెల్లది మూల విత్తనానిది, అంటే ధ్రువీకరణ విత్తనం పండించడానికి వాడేది. పచ్చ ట్యాగు అంటే నాణ్యతకు కంపెనీయే పూచీ పడి లేబులు వేసిన విత్తనం. 1966 విత్తన చట్టంలో ధ్రువీకరణ తప్పనిసరి కాదు, కూరగాయ హైబ్రిడ్లు (రెండు వేర్వేరు మొక్కలను కలిపి పుట్టించిన సంకర విత్తనాలు) ఎక్కువగా పచ్చ ట్యాగుతోనే వస్తాయి. అనుమానించాల్సింది అసలు ట్యాగే లేని సంచిని, బిల్లు రాయనన్న అంగడిని.

అపోహ: తేదీ దాటితే పారేయాల్సిందే.

ధ్రువీకరణ విత్తనానికి గడువు పరీక్ష తేదీ నుంచి 9 నెలలు. మళ్ళీ పరీక్షలో నెగ్గితే ఆరేసి నెలలు పెంచుతారు. ఆ గడువు అమ్మకానికి సంబంధించింది. గింజ ఆ రోజు అర్ధరాత్రి చచ్చిపోదు. బాగా దాచిన టమోట, వంగ, దోస, సొర నాలుగేళ్ళ దాకా నిలుస్తాయి. మిరప, బెండ రెండేళ్ళు. ఎర్రగడ్డ ఒక ఏడాదే.

ఉన్నది బతికుందో లేదో ఇంట్లోనే తేలుతుంది. పాత పంచె గుడ్డ మూరెడు ముక్క తీసుకుని తడిపి, నీళ్ళు కారకుండా పిండండి. దాని మీద వరుసకు పది చొప్పున ఐదు వరుసలు, 50 గింజలు పేర్చండి. లావు గింజ, మంచి గింజ అని ఏరొద్దు, చేతికొచ్చినవే పెట్టండి. ఏరితే మొలక శాతం లేనిపోనిది పెరిగి కనిపిస్తుంది. గుడ్డను చాపలా చుట్టి, గాలి ఆడేలా వదులుగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి నీళ్ళ కుండ పక్కన చల్లగా ఉంచండి. రోజూ తడి చూసి, ఆరితే చిలకరించండి. దోస 8 రోజులు, ఎర్రగడ్డ 12, టమోట, వంగ, మిరప 14 రోజులు ఆగాలి. మిరప ఐదో రోజుకు మొలవలేదని పారేసేవాళ్ళే ఎక్కువ. లెక్కపెట్టేటప్పుడు వేరు, కాడ రెండూ నిటారుగా వచ్చినవే లెక్క. తెల్లగా ముక్కు మాత్రం పొడిచి ఆగిపోయినవి మడిలో మన్ను చీల్చుకుని రావు.

50లో 30 మొలిస్తే 60 శాతం. ఎకరాకు 75 శాతం మొలక ఉన్న ఎర్రగడ్డ విత్తనం 4 కిలోలు చల్లే చోట, ఇది 5 కిలోలు కావాలి. 40 కంటే తగ్గితే ఎక్కువ చల్లి నెట్టుకురావాలని చూడొద్దు, కొత్తది కొనడమే మేలు.

అపోహ: ఎంత ఎండలో పెడితే విత్తనం అంత గట్టిపడుతుంది.

మన సీమలో ఎక్కువ విత్తనం పాడయ్యేది ఈ నమ్మకం వల్లే. విత్తనానికి కావలసింది ఆరడం, కాగడం కాదు. పచ్చి గింజను ఏప్రిల్ మధ్యాహ్నం బండ మీదో రేకు మీదో పోస్తే లోపలి తేమ వేడెక్కి గింజ ఉడికినట్టవుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా మన పగటి గాలే పెద్ద ఆరుదల యంత్రం. మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతానికి, ఒక్కోసారి అంతకంటే కిందికి దిగుతుంది. అలాంటి గాలి ఆడే నీడలో పల్చగా పరిస్తే కూరగాయ గింజ తేమ పైసా ఖర్చు లేకుండా ఆరేడు శాతానికి వస్తుంది. కోస్తాలో ఈ సౌకర్యం లేదు. ఎండ తగిలించాలనుకుంటే ఉదయం పది లోపు చాలు.

ఆరిందో లేదో చూసుకోడానికి గుమ్మడి, సొర గింజను వంచండి, టక్కున విరగాలి. అలసందను పంటితో కొరికితే పగలాలి, పంటి గాటు పడకూడదు. రెండు మూడు వందలకు దొరికే చిన్న తేమ మీటరును గింజలతోపాటు సీసాలో పెట్టి మూత బిగించి, మర్నాడు చూస్తే సీసా లోపలి గాలి తేమ 35 శాతం కంటే తక్కువ చూపాలి.

ఆ ఎండుదనం ఉన్నప్పుడే సీసాలో బిగించేయాలి. కాగితం పొట్లంలో ఉంచితే ఆగస్టు, సెప్టెంబరు ముసుర్లలో గింజ గాలిలోని తేమ పీల్చుకుని పది శాతం దాటుతుంది. తేమ ఒక శాతం పెరిగితే గింజ ఆయుష్షు సగమవుతుందని విత్తన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. ఏడు నుంచి పదికి పోతే ఎనిమిదో వంతే మిగులుతుంది. ఎండాకాలమంతా పడ్డ శ్రమ ఒక్క ముసురుకు పోతుంది.

అపోహ: ఫ్రిజ్‌లో పెడితే చాలు.

వేడికీ అలాంటి లెక్కే ఉంది. ప్రతి 5 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు. రేకుల ఇంట్లో అటక మీద 40 డిగ్రీల్లో ఉన్నదాన్ని 25 డిగ్రీల మూలకు దించితే ఎనిమిది రెట్లు. కాబట్టి ఫ్రిజ్ మంచిదే, కానీ లోపల చెమ్మ ఎక్కువ. పొట్లాలనే లోపల పెడితే మెత్తబడతాయి. బిగుతు మూత ఉన్న గాజు సీసాలోనే పెట్టాలి. బయటికి తీశాక సీసా చల్లదనం పూర్తిగా పోయేదాకా, రెండు మూడు గంటలు, మూత తీయొద్దు. చల్లని గింజ మీద గాలిలోని ఆవిరి నీరుగా దిగుతుంది. ఎన్నో ఏళ్ళు చల్లగా కాపాడిన గింజ ఆ తొందరకు పాడవుతుంది.

ఫ్రిజ్ లేని ఇంట్లో పెద్ద కుండలో సగందాకా తడి ఇసుక పోసి, దానిలో సీసాను గుచ్చి, పైన తడి గుడ్డ కప్పండి. మన పొడి గాలికి కుండ బాగా చల్లబడుతుంది. సీసా మూత మాత్రం రబ్బరు వాషరుతో గట్టిగా ఉండాలి, లేకపోతే లాభం కంటే నష్టమే ఎక్కువ.

సీసాలో తేమ పీల్చడానికి సిలికా జెల్ వేయొచ్చు, గింజ బరువుతో సమానంగా. చెప్పుల డబ్బాల్లో వచ్చే పొట్లాలు అప్పటికే తేమ పట్టి ఉంటాయి, వాటిని నమ్మొద్దు. సిలికా లేకపోతే బియ్యం చాలు. మూకుట్లో సన్న సెగ మీద అరగంట కలుపుతూ వేడిచేసి, వేడిమీదే సీసాలో పోసి మూత పెట్టి చల్లారనివ్వండి. తర్వాత గింజలను పల్చటి గుడ్డలో మూటకట్టి, గింజకు రెండింతల బియ్యంలో రెండు వారాలు ఉంచండి. ఆపైన గింజను వేరే ఎండిన సీసాలోకి మార్చుకోవాలి.

అపోహ: బూడిద, వేపాకు వేస్తే ఏ గింజైనా నిలుస్తుంది.

అలసంద, అనప, చిక్కుడుకు నిజం. పుచ్చు పురుగు కాయ మీద చేలోనే గుడ్డు పెడుతుంది. జల్లించిన పొడి బూడిద గింజల సందులు నింపి దాన్ని తిరగనివ్వదు. టమోట, వంగ, మిరప గింజలకు పుచ్చు బెడదే లేదు, వాటి శత్రువు తేమ. వేపాకు పచ్చిదే వేశారంటే తేమను మీరే సీసాలో పెట్టినట్టు.

అపోహ: హైబ్రిడ్ గింజ దాచుకుంటే మొలవదు.

మొలుస్తుంది, చక్కగానే. కానీ రెండో తరంలో ఒక మొక్క కాయ గుండ్రం, ఒకటి కోలగా, ఒకటి ఆలస్యం. సంతలో అమ్మే పంటకు అది నష్టం. దాచుకోవాలంటే హైబ్రిడ్ కాని మామూలు రకాలు కొనండి. అర్కా వికాస్ టమోట, అర్కా అనామిక బెండ లాంటివి బెంగళూరు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ రకాలు. అదే సంస్థ అర్కా రక్షక్ టమోట హైబ్రిడ్, దాచడానికి పనికిరాదు. టమోట, అలసంద, మటిక్కాయ (గోరుచిక్కుడు) తమలో తామే ఫలదీకరణ చెందుతాయి, విత్తనానికి సులువు. బీర, సొర, గుమ్మడిలో పక్క పెరటి పుప్పొడి కలుస్తుంది. మర్నాడు విచ్చుకునే ఆడ, మగ మొగ్గలను ముందే దారంతో కట్టి, విచ్చే వేళకు చేత్తో పుప్పొడి అంటించి మళ్ళీ కట్టాలి. గుమ్మడి ఉదయం, బీర, సొర సాయంత్రం విచ్చుకుంటాయి. దాచుకున్న విత్తనాన్ని బ్రాండు పేరు లేకుండా పంచుకునే, అమ్ముకునే హక్కు 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టం రైతుకిచ్చింది.

అపోహ: కిరాణా అంగడి గింజలు మొలవవు.

మెంతులు, ఆవాలు బాగా మొలుస్తాయి. ధనియాలను రెండు బద్దలయ్యేలా చెప్పుతో మెల్లగా నలిపి, రాత్రంతా నానబెట్టి చల్లండి. సంత నుంచి తెచ్చిన లేత బెండ, పచ్చి వంకాయ గింజలు మాత్రం ముదరనివి, వాటితో పని లేదు.

అపోహ: మొలవలేదంటే విత్తనం నకిలీదే.

మే నెల మడిలో నేల 35 డిగ్రీలు దాటితే మంచి టమోట గింజా లేవదు. లోతుగా పడ్డ చిన్న గింజ, పైన పెట్టు కట్టిన మన్ను కూడా అంతే పని చేస్తాయి. అందుకే కొన్న రోజే ఒక చెంచాడు గింజను విడిగా తీసి, ఖాళీ ప్యాకెట్టు, ట్యాగు, బిల్లుతో కలిపి ఉంచండి. మడిలో లేవకపోతే దాంతో గుడ్డ పరీక్ష చేయండి. అక్కడ బాగా మొలిస్తే తప్పు మడిలో ఉంది. అక్కడా మొలవకపోతే మడి దున్నేయకముందే రైతు సేవా కేంద్రంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అధికారి వచ్చి చూసేదాకా ఉంచండి. విత్తనం కొన్న రైతూ వినియోగదారుడేనని 2012లో సుప్రీం కోర్టు తేల్చింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, బిల్లు మాత్రం అడుగుతారు.